అడగని కబురు

యర్రమ్మని ఆ కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది ఎవరయ్యా అంటే, రమణయ్యగారి బద్ధకం. చాతం రంపపు మిల్లు గేటుకి ఎదురుగా ఆయనకో కలప ఆఫీసుంది. రెండు గదులు, రెండు బల్లలు, ఒక ఫోను, ఆ ఫోను తీగని పట్టుకుని బతికే కంప్యూటరు. మీట నొక్కమంటే ఆయనకి తేలుని పట్టుకోమన్నంత భయం. అందుకని టైపు చేయడానికి చేరిన యర్రమ్మే టెండరు కాగితాల దగ్గర్నుంచి ఆయన మనవరాలి పుట్టినరోజు పిలుపు దాకా అన్నీ కొట్టేది. ఇది రెండువేల ఏడో సంవత్సరం మాట.

యర్రమ్మ ఆ ద్వీపంలోనే, మన ఒడ్డుకంటే బర్మా ఒడ్డుకి దగ్గరగా ఉన్న చోట, పుట్టిన పిల్ల. బ్రూక్షాబాద్‌లో పెరిగింది. తండ్రి మిల్లులో దుంగలు దొర్లించి దొర్లించి పోయాడు. చదువంతా హిందీలోనే. తెలుగు మాట్లాడమంటే గలగలా మాట్లాడుతుంది, చదవమంటే దిక్కులు చూస్తుంది. అలాంటి పిల్ల డైరీ ఫార్మ్ అనే చేపలవాళ్ళ వాడలో ఉండి సముద్రం మీద వేటకెళ్ళే లక్ష్ముణ్ణి ఇష్టపడి చేసుకుంది. చేపల వాసన కిట్టని పిల్ల చేపలవాడి ఇంటికెళ్ళిందని బ్రూక్షాబాదంతా నవ్వింది. నవ్వేవాళ్ళకేం పని, నవ్వడమేగా.

ఆ లక్ష్ముడు కార్తీకంలో ఒక పొద్దున్న జంగ్లీఘాట్ జెట్టీలో తన ఇంజను పడవ, అదే అక్కడివాళ్ళు డుంగీ అంటారు, ఎక్కి ఒక్కడే వెళ్ళాడు. రోజూ జతకెళ్ళే గోవిందు ఆవేళ జ్వరంతో ముసుగు తన్ని పడుకున్నాడు. ఎప్పుడొస్తావని లక్ష్ముణ్ణి ఎవరూ అడగలేదు. వాళ్ళ ఇళ్ళలో అడగరు. వేటకెళ్ళే మనిషిని అలా అడిగితే సముద్రం వింటుందట. కాపరానికొచ్చిన కొత్తలో యర్రమ్మ ఒకసారి నోరు జారి అడిగితే, అత్త కాళమ్మ చేతిలో గరిటె విసిరికొట్టినంత పని చేసింది. అప్పట్నుంచి ఆ పిల్ల అడగడం మానేసింది.

సాయంత్రం రాలేదు. మర్నాడు రాలేదు. హెలికాప్టరు తిరిగింది, జెట్టీలో ఉన్న డుంగీలన్నీ తిరిగాయి. పదకొండు రోజులు వెతికి, పన్నెండో రోజు ఎవరి వేటకి వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పుపట్టడానికేముంది? కడుపులు ఊరుకోవు కదా.

యర్రమ్మ ఏడవలేదు. ఐసు పెట్టెలోంచి చేపలు తీసీ తీసీ చెయ్యి మొద్దుబారిపోతే ముల్లు దిగినా తెలీదు చూడండి, ఆ పిల్ల మనిషంతా అలా అయిపోయింది. టీకి నోరు కాలినా తెలిసేది కాదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడినా తినేసేది. సోమవారం రాగానే బస్సెక్కి ఆఫీసుకెళ్ళి, పడౌకు కలప దుంగల కొలతలు ఒక్క తప్పు లేకుండా కొట్టింది. 'రాతి గుండె' అన్నారు వాడలో. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి మూకుడేదీ? కాళమ్మ మాత్రం కోడల్ని ఒక్క మాట అనలేదు. ఇద్దరూ ఒక ఇంట్లో, ఒక పొయ్యి మీద వండుకు తిని, చెరో గోడ పక్కన పడుకునేవారు.

మాఘంలో కలప ఎక్కించుకోడానికి ఒక ఓడ వచ్చింది. దాని సరంగు, అంటే ఓడ నడిపేవాడు, రమణయ్యగారి ఆఫీసు మెట్లెక్కి, జేబులోంచి నాలుగు మడతల చీటీ తీశాడు. "యే డైరీ ఫార్మ్ వాలోం కా హై, ఆ వాడవాళ్ళదట. బర్మా ఒడ్డున ఒక ముసలాయన ఇచ్చాడు" అన్నాడు. చీటీ మీద గుండ్రటి పాతకాలపు తెలుగు అక్షరాలు. యర్రమ్మ చదవలేకపోయింది. రమణయ్యగారు కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు.

"డైరీ ఫార్మ్ లక్ష్ముడు ఇంటివారు ఈ కింది ఈ-మెయిల్ అడ్రసుకి ఉత్తరం రాయవలెను. ఇట్లు, సూరయ్య, కాంపౌండరు."

ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. "బతికే ఉన్నాడే యర్రమ్మా! నీ మొగుడు బర్మాలో తేలాడు!" అన్నారు. మిల్లు గేటు దగ్గర టీ కొట్టువాడితో సహా అందరికీ చెప్పేశారు. సాయంత్రానికి డైరీ ఫార్మ్ అంతా ఇంటి ముందే ఉంది. గోవిందు అయితే గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తను జ్వరంతో పడుకున్న పాపం ఆ చీటీతో కడుక్కుపోయిందనుకున్నాడు, వెర్రి సన్నాసి.

కాళమ్మ గిన్నెలు తోముతూ వింది. కోడలి వెంట వచ్చిన రమణయ్యగారి చేత చీటీ మళ్ళీ చదివించుకుంది.

"ఇంకేటి రాసినాడు?"

"అంతేనమ్మా" అన్నారు రమణయ్యగారు.

"చ్చేమం అని రాసినాడా?"

ఆయన చీటీ అటూ ఇటూ తిప్పి చూశారు. "లేదే. చీటీ చిన్నది కదా, చోటు చాలక రాసుండడు."

"ఊఁ" అని కాళమ్మ బూడిద తీసుకుని మళ్ళీ గిన్నె తోముకుంది.

ఆ దేశానికి ఫోను కలవదు. ఉత్తరం వేస్తే ఏ యుగానికి చేరుతుందో దేవుడికెరుక. ఉన్న దారల్లా ఆ ఈ-మెయిలే. రమణయ్యగారి ఈ-మెయిల్ డబ్బాలో కలప వ్యాపారుల ఉత్తరాలతో నీ ఉత్తరాలు కలిసిపోతే ఎలా, నీకు వేరే డబ్బా పెట్టుకో అన్నారాయన. నెట్ ఇచ్చే ఆఫీసుకెళ్ళి యర్రమ్మ ఫారం నింపింది. అయిదు రోజులకి ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో ఆమె పేరు మీద అడ్రసు, పాస్‌వర్డు, వచ్చే ఉత్తరాలు తెచ్చే సర్వరు పేరు, పోయే ఉత్తరాలు తీసుకెళ్ళే సర్వరు పేరు, వాటికి రెండు నంబర్లు. వచ్చేదానికి నూటపది, పోయేదానికి ఇరవై అయిదు.

"రావడానికో గుమ్మం, పోవడానికో గుమ్మమా? ఒకటి చాలదా వీళ్ళకి?" అన్నారు రమణయ్యగారు. మొదట్లో ఆయన డబ్బా పెట్టిన కుర్రాడు ఉద్యోగం వచ్చి మద్రాసు వెళ్ళిపోయాడు. ఇక చేసేవాళ్ళెవరు? యర్రమ్మే ఆ కాగితం పక్కన పెట్టుకుని, మెయిల్ ప్రోగ్రాం తెరిచి, అది అడిగిన గడులన్నీ ఒక్కొక్కటే నింపింది. నీ పేరేమిటి అని అడిగింది. యర్రమ్మ అని కొట్టింది. ఎవరి భార్య, ఏ ఊరు అని అడగలేదు, అంతవరకు నయం.

ఆ రోజుల్లో ద్వీపంలో నెట్ అంటే పైన ఉపగ్రహం దయ. ఫోను తీగలో కీచుమంటూ అరిచి అరిచి ఎప్పటికో కలిసేది. కలిసినంతసేపూ ఫోను మోగదు. అందుకని రమణయ్యగారి ఆఫీసులో కట్టుబాటు ఏమిటంటే, ఉత్తరాలు లైను లేనప్పుడే రాసి దాచుకోవాలి. పొద్దున్న పదకొండుకొకసారి, మధ్యాహ్నం మూడున్నరకొకసారి లైను కలిపి 'సెండ్ అండ్ రిసీవ్' మీట నొక్కాలి. ఉన్నవి పోతాయి, వచ్చినవి దిగుతాయి. వెంటనే తీగ పీకేయాలి. రోజుకి రెండుసార్లు వచ్చే పడవ లాంటిదన్నమాట.

మొదటి ఉత్తరం కాళమ్మ చెబితే యర్రమ్మ ఇంట్లో కాగితం మీద హిందీ అక్షరాల్లో రాసుకుంది. రాసే ముందే కాళమ్మ వేలెత్తి చెప్పింది. "ఆడి గురించి ఒక్క మాట అడక్కు. ఒడ్డున కాలెట్టీదాకా సముద్రంలో ఉన్నట్టే. తెలిసిందా?"

"టీక్ హై అత్తా" అంది యర్రమ్మ. నిజం చెప్పాలంటే ఆ పిల్లకి అడగాలనీ లేదు. ఏం అడగాలో కూడా తోచలేదు.

మర్నాడు ఆఫీసులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కొట్టింది. సూరయ్యగారికి నమస్కారాలు. మీ చీటీ అందింది. మేం లక్ష్ముడు ఇంటివాళ్ళం. ఇక్కడ పెద్ద వల చిరుగులు కుట్టి అటకెక్కించాం. ఈ నెల సూరచేప బాగా పడుతోంది. మేక ఈనింది, రెండు పిల్లలు. మా అత్తకి మోకాళ్ళ నొప్పి. ఉంటాం.

ఆ ఉత్తరం పోలేదు. మీట నొక్కితే సర్వరు వాళ్ళ స్వాగతం ఉత్తరం చక్కగా దిగింది గానీ, యర్రమ్మది మాత్రం ఔట్‌బాక్స్‌లో కూర్చుని కదల్లేదు. మర్నాడూ అంతే. మూడో రోజుకి ఆ పిల్లే వెతికి వెతికి పట్టుకుంది. వచ్చే గుమ్మానికి చెప్పినట్టే పోయే గుమ్మానికి కూడా పేరూ పాస్‌వర్డూ చెప్పాలట, దానికి అడుగున ఎక్కడో ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాలట. పెట్టింది. ఉత్తరం సర్రుమని పోయింది.

"శభాష్! నీకు నేను జీతం తక్కువిస్తున్నానే" అన్నారు రమణయ్యగారు. అన్నారంతే, పెంచలేదు.

నాలుగు రోజులకి జవాబు దిగింది. ఆఫీసులో ఉన్న ఇద్దరూ, సంగతి తెలిసి చాతం దాకా వచ్చిన గోవిందూ, ముగ్గురూ తెర మీదకి వంగారు. సూరయ్య కూడా ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనే రాశాడు. అమ్మా, మీ ఉత్తరం చూసి సంతోషం. మా తాత భీమిలి దగ్గర పేట నుంచి ఇక్కడికి వచ్చాడు. నాకు డెబ్బై ఏళ్ళు. డాక్టరుగారి కంప్యూటరు మీద రాస్తున్నాను. ఇక్కడ తూర్పు గాలి. రొయ్య పడుతోంది. మీ అత్తగారి మోకాళ్ళకి ఆవనూనె రాయండి. అడగవలసింది ఉంటే అడగండి.

అంతే. లక్ష్ముడి ఊసే లేదు.

"అరే భయ్యా, మన లక్ష్ముడేడి ఇందులో?" అన్నాడు గోవిందు.

"మిషన్లో ఏదో తేడా ఉంది. ఉత్తరం సగమే దిగింది. దారిలో తెగిపోయింది" అని తీర్పు చెప్పేశారు రమణయ్యగారు. మీట నొక్కడం రాదు గానీ తీర్పులకేం తక్కువ.

యర్రమ్మ తల ఊపింది. తెగిపోయే ఉంటుందనుకుంది. అలా అనుకుంటే లోపల ఎక్కడో కాస్త ఊపిరాడింది.

మళ్ళీ రాసింది. కాళమ్మ మళ్ళీ మేకల గురించీ వానల గురించీ చెప్పింది. సూరయ్య మళ్ళీ గాలి గురించీ రొయ్యల గురించీ రాశాడు. చివర్న మళ్ళీ అదే, అడగవలసింది ఉంటే అడగండి. మర్యాదకి రాస్తున్నాడనుకున్నారు అందరూ. ఇలా నాలుగు పోయాయి, నాలుగు వచ్చాయి. చైత్రం వచ్చేసింది.

ఒక్కో ఉత్తరానికీ యర్రమ్మ ప్రోగ్రాంలో ఒక్కో మర చూసింది. సర్వరు పేర్లు చెరిపి మళ్ళీ కొట్టింది. మద్రాసు వెళ్ళిన కుర్రాడు ఎప్పుడో ఒక అడ్డు పెట్టి పోయాడు, పెద్ద ఉత్తరాలు దింపొద్దని. ఎవరో పెళ్ళి ఫోటోలు పంపితే పూటంతా లైను పట్టేసిందట. ఆ అడ్డు దొరికిన రోజు యర్రమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. ఇదిగో, ఇక్కడే ఆగిపోయాడు లక్ష్ముడు, అనుకుంది. అడ్డు తీసి, మూడున్నరకి మీట నొక్కి, దిగే గీత వంకే చూస్తూ కూర్చుంది. గీత నిండింది. కొత్త ఉత్తరాలు లేవు అంది తెర.

అప్పుడు తెలిసింది ఆ పిల్లకి, ప్రోగ్రాం పాడై ఉండాలని తను మొక్కుకుంటోందని. అది పాడైనన్నాళ్ళూ లక్ష్ముడు ఉత్తరంలో ఉన్నాడు, దారిలో ఉన్నాడు, ఏ సర్వరులోనో చిక్కుకుని ఉన్నాడు. బాగుంటే? ఆ పైన ఆలోచించబోతే తల మళ్ళీ మొద్దుబారిపోయేది.

చివరికి ఒక పరీక్ష పెట్టింది. తన అడ్రసుకి తనే ఒక ఉత్తరం రాసుకుంది. ఏం రాయాలో తెలీలేదు. లక్ష్ముడు వేట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ రోజూ అడిగే మాట ఒకటుంది, వేళ్ళు అదే కొట్టాయి. 'యర్రమ్మా, తిన్నావా?' పదకొండుకి పంపింది. ఆవేళ సూరయ్యకి రాసినంత పొడుగు ఉత్తరం కూడా ఒకటి, ఒక ఫోటో ఉత్తరం కూడా ఒకటి, తనకి తనే పంపుకుంది. మూడున్నరకి మూడూ దిగాయి. అక్షరం పొల్లు పోలేదు. 'యర్రమ్మా, తిన్నావా?' అని తెర అడిగింది.

"తిన్నాను" అంది పైకే. రమణయ్యగారు తలెత్తి, "ఎవరితోనే మాటలు?" అన్నారు. ఆవేళ ఆ పిల్ల ఏమీ తినలేదు.

ఇంటికెళ్ళేసరికి కాళమ్మ గుమ్మంలో కూర్చుని పీట మీద చేపలు కోస్తోంది. యర్రమ్మ చెప్పులు విప్పుతూ అంది, "అత్తా, ప్రోగ్రాం బాగానే ఉంది. చెక్ చేశాను. అంతా తెస్తోంది. ఆ సూరయ్యగారే రాయట్లేదు."

కాళమ్మ కత్తి ఆగలేదు. రెండు చేపలు కోసింది. మూడోదాని పొట్ట చీలుస్తూ, ఎవరూ అడక్కుండానే మొదలెట్టింది.

"లచ్చుడి అయ్య పోయినప్పుడు ఆడికి మూడేళ్ళు. నూకన్నని ఒకడుండీవోడు, జతకెళ్ళీవోడు. ఆడొక్కడే ఈదుకొచ్చినాడు. వొచ్చి ఇదిగో, ఈ గుమ్మంలో కూకున్నాడు. నాను సూసినాను. ఆడు గాలి గురించి సెప్పినాడు. వల తెగిందన్నాడు. నాను అన్నమెట్టినాను, తిన్నాడు, ఎల్లిపోనాడు. మర్నాడు మళ్ళీ వొచ్చినాడు. మళ్ళీ గాలి గురించే. మనోళ్ళు ఒచ్చిన భీమిలి కాడి పేటల్లోన సావు కబురు అడక్కుండా సెప్పరే అమ్మీ. పెళ్ళాం నోరిప్పి 'మా మనిషేడి' అని అడగాల. అప్పుడే సెప్పాల. అడక్కముందు సెప్పినోడు సంపినోడితో సమానం."

"నువ్వు ఎప్పుడడిగావు?"

"తొమ్మిదో నాడు." కాళమ్మ పేగులు తీసి పిల్లి వైపు విసిరింది. "తొమ్మిది రోజులూ నూకన్న వొచ్చి నా చేతి కూడు తిన్నాడు పాపం, ముద్ద దిగక కన్నీళ్ళెట్టుకునీవోడు. నాకు తెలీదా ఏటి? తెలుసు. అయినా నానడగనేదు, ఆడు సెప్పనేదు. ఆ తొమ్మిది రోజులూ నా మనిషి బతికే ఉన్నాడే. నానే ఉంచినాను."

యర్రమ్మ ఒక చెప్పు విప్పి, రెండోది కాలికే ఉంచుకుని నిలబడిపోయింది. అడగవలసింది ఉంటే అడగండి. నాలుగు ఉత్తరాల చివర్నా ఉన్న ఆ మాట ఇప్పుడు వినపడింది. మర్యాద కాదది. డెబ్బై ఏళ్ళ ముసలాయన సముద్రం అవతల గుమ్మంలో కూర్చుని రెండు నెలల్నుంచి చూస్తున్నాడు. భీమిలి వదిలి మూడు తరాలైనా పేట మర్యాద వదల్లేదు, ఏం చెప్పాలి అలాంటి మనుషులకి! పేటలో పుట్టని పిల్ల, మిల్లు కూలీ కూతురు, తనకెలా తెలుస్తుంది? కాళమ్మకి తెలుసు. చీటీ చదివిన రోజే తెలుసు. తెలిసే మేకల గురించి చెప్పింది.

యర్రమ్మ అత్త ముఖం చూసింది. అత్త చేపల్నే చూస్తోంది. కోపం రావాలి కదా, రాలేదు. రెండో చెప్పు విప్పి లోపలికెళ్ళి బియ్యం కడిగింది.

మర్నాడు ఆఫీసులో పది గంటలకే కూర్చుని ఉత్తరం తెరిచింది. సూరయ్య అడ్రసు కొట్టింది. కింద 'మా మనిషేడి?' అని కొట్టింది. గాలి లేదు, మేకల్లేవు, మోకాళ్ళు లేవు. ఆ రెండు మాటలూ ఔట్‌బాక్స్‌లోకి వెళ్ళి పదకొండు కోసం కూర్చున్నాయి. గంటసేపు ఉంది వాటిని చెరపడానికి. రెండుసార్లు చెరిపింది. రెండుసార్లూ మళ్ళీ కొట్టింది. చెరిపితే లక్ష్ముడు ఉంటాడు, నిజమే. కానీ ఆ ముసలాయన ఎన్నాళ్ళు కూర్చుంటాడు? తనెన్నాళ్ళు ఇలా ఐసులో పెట్టిన చేపలా ఉంటుంది? కుళ్ళదు, కదలదు. చాలనిపించింది.

"లైను దొరికింది, నొక్కు నొక్కు!" అని అరిచారు రమణయ్యగారు. నొక్కింది. బయట రేవులో బాంబూఫ్లాట్ వెళ్ళే పడవ కూత వేసింది. ఉత్తరం పోయింది.

ఆవేళ జవాబు లేదు. మర్నాడూ లేదు. మూడో రోజు మూడున్నరకి దిగింది.

'అమ్మా యర్రమ్మా, నువ్వడిగావు గనక చెబుతున్నాను. నీ మనిషి లేడు. మార్గశిరంలో డుంగీ మా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అప్పటికి ప్రాణముంది. డాక్టరుగారు చేయగలిగింది చేశారు. రెండు రోజులు నా మంచం మీదే ఉన్నాడు. నీళ్ళు తాగాడు గానీ గంజి దిగలేదు. ఊరి పేరు చెప్పాడు, అమ్మ అన్నాడు, నీ పేరు చెప్పాడు. యర్రమ్మ తిందా అని అడిగాడు. తిందయ్యా అని చెప్పాను, అబద్ధమో నిజమో నాకు తెలీదు. మూడో పొద్దున పోయాడు. మన పద్ధతిలోనే చేశాను. కొరివి నేనే పెట్టాను. అటు వచ్చే ఓడ దొరకడానికి రెండు నెలలు పట్టింది. ప్రతి ఉత్తరంలోనూ చెప్పేద్దామనుకునేవాణ్ణి. ఇంటివాళ్ళు అడగందే చెప్పకూడదని మా తాత మాట. అడిగి మంచి పని చేశావు తల్లీ. నాకూ రాత్రుళ్ళు నిద్ర లేదు. సూరయ్య.'

యర్రమ్మ ఒకసారి చదివింది. తీగ పీకింది, కట్టుబాటు కదా.

"ఏం రాశాడమ్మా?" అన్నారు రమణయ్యగారు.

అడిగారు కాబట్టి చెప్పింది. "ఆయన లేడట సార్. మార్గశిరంలోనే పోయాడట." ఆ పెద్దమనిషి కళ్ళజోడు తీసి, బల్ల మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ పిల్లే లేచి మంచినీళ్ళు ఇచ్చింది. తరవాత బల్ల మీద మిగిలిన టెండరు కాగితం ఒకటి పూర్తిచేసి, కంప్యూటరు మీద గుడ్డ కప్పి బయల్దేరింది.

బస్సు దిగేచోట గోవిందు వల ఆరబెడుతున్నాడు. "వొదినా" అనబోయి ఆమె నడక చూశాడు. ఒక్క మాట అడగలేదు. వల కిందపడేసి సముద్రం వైపు తిరిగిపోయాడు.

కాళమ్మ ఇంటి ముందు మేకపిల్లలకి ఆకు వేస్తోంది. యర్రమ్మ లోపలికి వెళ్ళలేదు. చెప్పులు విప్పి, గుమ్మంలో, నూకన్న కూర్చున్న చోటే కూర్చుంది. కాళమ్మ చూసింది. చేతిలో ఆకులు చేతిలోనే ఉన్నాయి. ఇద్దరి మధ్యా మేకపిల్ల ఒకటి అరుచుకుంటూ అటూ ఇటూ తిరిగింది.

"గాలి మారింది అత్తా" అంది యర్రమ్మ.

"ఆఁ, మారింది." కాళమ్మ లోపలికెళ్ళింది. పళ్ళెం తెచ్చి కోడలి ముందు పెట్టింది. అన్నం, చేపల పులుసు. తనూ ఎదురుగా నేల మీద చతికిలబడింది. ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, వదిలితే ఎక్కడికో పోతాయన్నట్టు.

"ఇయ్యాల అడగనే అమ్మీ" అంది. "రేపు కూడా అడగనేమో."

"నీ ఇష్టం అత్తా. నేనెక్కడికీ పోను."

"తిను."

యర్రమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. పులుసులో ఉప్పు ఎక్కువైంది. అయిదు నెలల్లో మొదటిసారి ఆ పిల్లకి ఉప్పు తెలిసింది, ముద్ద గొంతు దిగలేదు, కళ్ళలోంచి నీళ్ళు పళ్ళెంలోకి కారుతున్నా ఆపలేదు. కాళమ్మ చూస్తూనే ఉంది, ఏమైందని అడగలేదు. మంచినీళ్ళ చెంబు ముందుకు జరిపి, మేకపిల్లలు ఎంత ఎదిగాయో చెప్పడం మొదలెట్టింది.